చెడుగుడు బరిలో మూల కాయు పిల్ల: ఎన్నిక యెట్లు జరుగును?

పిల్లను చూచుకొనుటకు పెండ్లివారు వచ్చినపుడు వారేమి చూతురో, ఏమి యడుగుదురో మన యిండ్లలో అందరకును దెలియును. ఆ పిల్లనే ఆటపరీక్షకు దీసికొనిపోయినపుడు అచ్చటి పెద్దలేమి చూతురో ఇంటనున్న తల్లికి దెలియదు. పిల్ల తెల్లవారుజామున బస్సెక్కి పోవును. ప్రొద్దు గ్రుంకునప్పటికి తిరిగి వచ్చి, "తీసికొన్నారు" అనియో, "తీసికొనలేదు" అనియో ఒక్క మాట చెప్పును. ఆ మాటకు హేతువేమో చెప్పజాలదు. తీసికొనబడని పిల్ల తనయందేదో లోపమున్నదని కుమిలిపోవును. తీసికొనబడిన పిల్ల యింటివారు అదృష్టము పండినదని మురిసి, ముందున్న మెట్లను దలపనే తలపరు. ఈ రెండును తెలియనితనము వలన గలుగునవే. కాబట్టి కబడ్డీ యాటయందు పట్టువారిని, అందును ముఖ్యముగా మూలలు కాయువారిని, ఏ విధముగా ఏరుదురో సోదరీమణులకు ఈ మాసము విన్నవింపదలచితిమి.

మా అశ్వారావుపేట అడవి యంచున నున్న యూరు. 2016వ సంవత్సరము అక్టోబరు వరకు ఖమ్మము జిల్లాలో నుండి, అప్పటినుండి భద్రాద్రి కొత్తగూడెము జిల్లాలో జేరినది. ఒక ప్రక్క పామాయిలు తోటలు, మరియొక ప్రక్క కోయగూడెములు. కొంచెము దూరము పోయిన ఆంధ్రప్రదేశపు సరిహద్దు. ఇచ్చటి పిల్లలకు పరుగెత్తుటయు, బరువు మోయుటయు ఒకరు నేర్పనక్కరలేదు. బడి విడిచిన తరువాత మన్నులో గీత గీసి చెడుగుడాడుట ఈ పల్లెలలో ఆడపిల్లలకును గ్రొత్త గాదు. మా యింటివారు ఉపాధ్యాయులగుటచే ఏటేట పిల్లలను మండలపు పరీక్షలకు వెంటబెట్టుకొని పోవుచుందురు. పోవుటకు ముందును, వచ్చిన పిమ్మటను తల్లులు మా యరుగుమీద గూర్చుండి యడుగు ప్రశ్నలే యీ వ్యాసమునకు మూలము. "పంతులమ్మగారూ, మా పిల్ల బక్కపలుచన గదా, దాన్ని తీసుకుంటరా?" అని యొక తల్లి యడుగును. "పోయినేడు తీసుకోలేదు, మళ్లా పంపితే ఫలమున్నదా?" అని వేరొక తల్లి యడుగును.

ముందుగా ఆట సంగతి. కబడ్డీయందు ఒక్కొక్క జట్టునుండి ఏడుగురు బరిలో నిలుతురు. మరి యైదుగురు వెలుపల వేచియుందురు. స్త్రీల బరి పొడవు 12 మీటర్లు, వెడల్పు 8 మీటర్లు. ఎదుటి జట్టునుండి యొకతె కూత పెట్టుచు వచ్చును. ఆమెకు గల గడువు 30 సెకండ్లు. ఆ లోపల నెవరినైన దాకి నడిమిగీతను జేరుకొన్న ఆమెకు గెలుపు. పట్టువడిన పట్టువారికి గెలుపు. పట్టువారందరును చంద్రవంకవలె వంపుగా నిలుతురు. ఆ వంక రెండు కొనలయందును, వెనుకగీత చేరువ నిలుచువారే మూలవారు. వారిని కార్నరులని వ్యవహరింతురు. వారి ప్రక్కవారు ఇన్‌లు, ఆవలివారు కవరులు, నట్టనడుమ నిలుచునది సెంటరు.

మూలవారి పని కఠినమైనది. బరిలో ఆరుగురు గాని ఏడుగురు గాని పట్టువారున్నపుడు, కూతకు వచ్చినది బోనసు గీత కావల నొక కాలు మోపి, రెండవ కాలు గాలిలో నుంచినచో ఆమెకొక పాయింటు దక్కును. అట్లు మోపిన కాలి చీలమండను రెండు చేతులతో బిగియబట్టవలసినది మూలపిల్లయే. పట్టు కుదిరిన జట్టుకు పాయింటు. పట్టు జారి, వచ్చినది గీత దాటిపోయిన, తాకబడిన పట్టువారందరును బరి వెడలవలసినదే. తొందరపడి ముందుకు దూకిన మోసము, వెనుకాడిన నష్టము. 2023 అక్టోబరు 7వ తేదీన చైనాలోని హాంగ్‌జౌ నగరమున ఆసియా క్రీడల కడపటి యాటలో మన స్త్రీల జట్టు చైనీస్ తైపే జట్టును 26-25 పాయింట్లతో గెలిచి స్వర్ణపతకమును దెచ్చినది. అంతరము ఒక్కటే! అనగా ఒక్క చీలమండ జారియున్న కథ వేరుగా నుండెడిదన్నమాట.

ఇట్టి పిల్లను ఏరుట మూడు మెట్లలో జరుగును. మొదటి మెట్టు ఎనిమిది తొమ్మిదేండ్ల ప్రాయమున వచ్చును. హైదరాబాదు చెంత హకీంపేటలోని ప్రభుత్వ క్రీడాపాఠశాల 1993లో నెలకొల్పబడినది. దానియందు నాలుగవ తరగతిలో జేర్చుకొనుటకు మండలము, జిల్లా, రాష్ట్రము అను వరుసలో పరీక్షలు జరుపుదురు. మన యడవిప్రాంతపు గిరిజన బాలురకు కిన్నెరసానియందును, బాలికలకు గుండాల మండలములోని కాచనపల్లియందును క్రీడాపాఠశాలలు గలవు. హకీంపేటవారి పరీక్షలను వినిన తల్లులు ఆశ్చర్యపడుదురు. ఏలయన, వానిలో ఏ యాటయు లేదు! ఎత్తు కొలుతురు, బరువు తూతురు, ముందుగా వేగమందుకొన్న పిమ్మట 30 మీటర్ల పరుగును గడియారముతో లెక్కింతురు, నిలిచినచోటినుండి ముందుకును, నిలువుగా పైకిని దుమికింతురు, 10 మీటర్ల దూరమును ఆరు మారులు అటునిటు పరుగెత్తింతురు, బరువైన మెడిసిన్ బంతిని విసరింతురు, 800 మీటర్లు పరుగెత్తింతురు, నడుము వంగుడును జూతురు.

దీనికి హేతువున్నది. తొమ్మిదేండ్ల పిల్లకు ఆట నేర్పవచ్చును; వేగమును, ఎత్తును నేర్పుట మిక్కిలి కష్టము. కాబట్టి నేర్పరానిదానిని ముందుగా వెదకి, నేర్పదగినదానిని తరువాతికి విడిచిపెట్టుదురు. దుముకుటలో తొడల బలము తెలియును. అటునిటు పరుగులో దేహమును చటుక్కున మరలించు నేర్పు తెలియును. 800 మీటర్లలో ఊపిరి నిలుకడ తెలియును. ఈ మూడును మూలపిల్లకు గావలసినవే.

అయినను ఈ మెట్టునం దొక చిక్కు గలదు. ఒకే తరగతి పిల్లలలో కొందరు పది పదునొకండు నెలలు పెద్దవారై యుందురు. ఆ ప్రాయమున పది నెలలనగా రెండంగుళముల యెత్తు, కొంత బలము. పెద్దదానిని జూచి నేర్పరియని భ్రమపడుట సులభము. కెనడా దేశమున మంచుమీద ఆడు హాకీ ఆటగాండ్రలో సంవత్సరపు మొదటి నెలలలో పుట్టినవారే యెక్కువగా నున్నారని రోజర్ బార్న్స్‌లీ అను పండితుడును, ఆయన తోడివారును 1985లో వెల్లడించిరి. అచ్చట వయస్సు లెక్క జనవరి 1వ తేదీతో మొదలగుటయే దానికి కారణము. అందువలన, "పోయినేడు తీసుకోలేదు" అని చింతించు తల్లికి మేము చెప్పున దేమనగా: ఆ నాడు కొలిచినది ఆ నాటి దేహమును మాత్రమే. బాలికలు పదునొకండు పండ్రెండేండ్ల చెంత ఒక్కసారిగా ఎదుగుదురు. ఒక్కొక్కతె కొంచెము ముందు, ఒక్కొక్కతె కొంచెము వెనుక. నేడు వరుసలో కడపట నిలిచినది రెండేండ్లకు నడుమ నిలువవచ్చును. అట్లని వయస్సు తగ్గించి వ్రాయించుట మాత్రము కూడదు. అది తప్పు, అంతియేగాక ఎడమ మణికట్టును ఎక్స్‌రే తీసి ఎముకల ఎదుగుదలనుబట్టి వయస్సు నంచనా వేయు పద్ధతి గలదు. పట్టువడిన పిల్ల భవిష్యత్తు చెడును.

రెండవ మెట్టునందు కబడ్డీ గురువుల కన్ను పనిచేయును. ఇచ్చట మొదటి యడ్డు బరువు. ఈ యాటలో బరువునకు హద్దులు గలవు: సబ్ జూనియరు బాలికలకు 55 కిలోలు, జూనియరులకు 65 కిలోలు, పెద్ద స్త్రీలకు 75 కిలోలు. హద్దు దాటిన వారిని ఆడనీయరు. బక్కపలుచని పిల్ల సంగతి యడిగిన తల్లికి దీనిలోనే యుత్తర మున్నది. బరువు కొంచెము తక్కువైన మూలపిల్లకు అది కొఱత గాదు. కవరు నిలుచువారు ఎదురు రొమ్ముతో అడ్డగింపవలెను గనుక వారికి బరువు, భుజబలము కావలెను. మూలవారు వంగి కాలందుకొనవలెను గనుక వారికి క్రిందికి వంగు నడుము, బిగిసిన పిడికిలి, చురుకైన పాదములు కావలెను. ఒకే పిల్ల కవరునకు పనికిరాదనిపించుకొని, మూలకు పనికివచ్చును.

ఆ పిమ్మట గురువులు చూచునది మనస్సు. కూతకు వచ్చినది చేయి చాచును, కాలు చాచును, బెదరించును, వెనుకకు మరలినట్లు నటించును. ఆ కపటములకు లొంగి ముందుగా దూకు పిల్ల ఎంత బలముగలదైనను మూలకు దగదు. ఎదుటిదాని చేతులను గాక నడుమును, పాదములను జూచుచు, సమయము కొరకు వేచి, సమయము వచ్చినపుడు సందేహింపక పట్టునదే తగినది. అంతేకాదు, మూలపిల్ల పట్టగానే ప్రక్కనున్నవారు వచ్చి కమ్ముకొననిచో ఆ పట్టు నిలువదు. కాబట్టి ప్రక్కవారితో కన్నుసైగ కలుపు గుణమును గూడ పరీక్షింతురు. పట్టు తప్పి బరి వెలుపల గూర్చుండునపుడు పిల్ల యేమి చేయునని కనిపెట్టు గురువులును గలరు. తోడివారిని నిందించునా? తల వ్రేలవేయునా? లేక ఆటను జూచుచు తరువాతి పట్టునకు సిద్ధపడునా? ఇట్టివి ఏ కొలబద్దకును అందవు. ఒక్క దినములో తెలియనే తెలియవు. అందుచేతనే యోగ్యులైన గురువులు పిల్లను రెండు మూడు పోటీలలో జూచిన గాని మాట చెప్పరు.

మూడవ మెట్టు జీవనోపాధిది. పురుషులకు 2014లో మొదలైన ప్రో కబడ్డీ వేలములు గలవు. 2018లో ఇరాను దేశస్థుడైన ఫజల్ అత్రాచలి అను ఎడమమూల ఆటగానికి ఒక కోటి రూపాయల ధర పలికినది. స్త్రీలకు అంతటి ధనముగల వేదిక ఇంకను గట్టిపడలేదు. మన ఆటగత్తెలకు రైల్వే వంటి సంస్థలలో క్రీడల కోటా క్రింద దొరకు నౌకరియే ముఖ్యమైన యాధారము. కర్ణాటకలో పుట్టిన మమత పూజారి సికింద్రాబాదు కేంద్రముగాగల దక్షిణమధ్య రైల్వేలో నుద్యోగము జేయుచు, 2010, 2014 ఆసియా క్రీడలలో స్వర్ణపతకములందిన జట్లలో ఆడి, 2014లో అర్జున పురస్కారమునందినది.

రైల్వేవారు ఏరు పద్ధతి ప్రతి తల్లియు కంఠస్థము చేయదగినది. మొత్తము 100 మార్కులు. ఆటనైపుణ్యము, దేహపాటవము, గురువుల పరిశీలన అను మూటికి 40, గుర్తింపుగల పోటీలలో సాధించిన ఫలితములకు 50, చదువునకు 10. మొదటి 40లో కనీసము 25 రానివారిని తగినవారుగా నెంచరు. సాధించిన ఫలితములలోను పాతవి లెక్కకు రావు. నడచుచున్న ఆర్థికసంవత్సరము, దానికి ముందటి రెండు సంవత్సరములు, ఇంతవరకే. వయస్సు 18 మొదలు 25 వరకు. చదువు పదవ తరగతియా, ఇంటరా, డిగ్రీయా అనుదానినిబట్టి చేరదగిన యుద్యోగపు మెట్టు మారును. ఇంకొక ముఖ్యవిషయము: ప్రకటనలలో "కబడ్డీ స్త్రీలు" అని మాత్రమే గాక, కూతకు పోవువారా, మూలవారా, కవరువారా, ఎందరు కావలయునో స్థానమునుగూడ పేర్కొనుట గలదు. ఆ యేడు మూల ఖాళీ లేనిచో, ఎంతటి మేటి మూలపిల్లయైనను తిరిగి రావలసినదే. అది ఆమె తప్పు గాదు. ఆ జట్టులో ఆ చోటు నిండియుండుటయే కారణము.

ఇది మన దేశమున మాత్రమే యున్న సంగతి గాదు. అమెరికా కళాశాలలలో ఆడు ఫుట్‌బాలు మనమెరిగిన ఫుట్‌బాలు గాదు. కోడిగ్రుడ్డు ఆకారపు బంతిని జేతబట్టి యాడునది. అందు ముందువరుస వెనుక నిలిచి, ఎదుటివారు బంతితో పరుగెత్తుదురా, విసరుదురా యని కనిపెట్టి యడ్డుకొనువానిని లైన్‌బ్యాకరందురు. మన మూలపిల్లకు అతడు వేలువిడిచిన బంధువనవచ్చును. అతనిని ఏరుటకు కళాశాలల గురువులు ఎత్తును, చేతుల పొడవును గొలుతురు. 40 గజముల పరుగును లెక్కింతురు. ఉన్నతపాఠశాలలో ఆడిన యాటల చలనచిత్రములను మరల మరల జూతురు. చదువులో వచ్చిన మార్కులడుగుదురు. పిదప ఇంటికి పోయి తల్లిదండ్రులతో మాటలాడుదురు. అన్నిటికంటె ముందు, తమ జట్టులో ఆ స్థానమున ఎందరున్నారు, ఎందరు చదువు ముగించి పోవుదురు అని లెక్క వేసికొందురు. ఏలయన 2024-25 విద్యాసంవత్సరము వరకు పైమెట్టు కళాశాల యొక్కొక్కటి 85 మందికే ఆటవేతనము లీయవలెనని కట్టుబాటుండెను.

ఇంత శాస్త్రముగా నేరినను వారును పొరబడుదురు. ఫ్లారిడాకు జెందిన ఖలీల్ మాక్ అను బాలుని పైమెట్టు కళాశాలలలో బఫెలో విశ్వవిద్యాలయ మొక్కటియే పిలిచినది. ఆ బాలుడే 2014లో వృత్తిజట్లవారు దేశమంతటనుండి ఏరుకొన్నప్పుడు ఐదవవాడుగా నెన్నికయ్యెను. 2016లో అడ్డుకొనువారిలో ఆ యేటి మేటి యని గౌరవమందెను. ఏరువారి మాట బ్రహ్మవ్రాత గాదనుటకు ఇంతకంటె నిదర్శన మేల?

ఇక ఇంటివారు చేయదగిన పనులు. మొదటిది ఆహారము. దేశమునందు 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 57గురు రక్తహీనత గలవారని 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తెలిపినది. రక్తము తక్కువైన పిల్ల 800 మీటర్ల పరుగులో వెనుకబడిన, అది నేర్పుకొఱత యని యెట్లనగలము? రాగులు, పప్పు, ఆకుకూరలు, తినువారిండ్ల గ్రుడ్లు, మాంసము పిల్లవానితో సమముగా పిల్లకును బెట్టవలెను. బరువుహద్దుకొరకు పిల్లను పస్తుంచుట, నీరు త్రాగనీయకుండుట కూడని పనులు. బహిష్టు సక్రమముగా రానిచో సిగ్గుపడి దాచక వైద్యురాలికి జూపవలెను. రెండవది దెబ్బలు. ఈ యాటలో మోకాలికి ప్రమాద మెక్కువ. మోకాలిలోని స్నాయువు తెగు నపాయము బాలురకంటె బాలికలకే హెచ్చు. మోకాలు వాచిన పిల్లను "ఓర్చుకో" యని బరిలోనికి దోలు గురువు ఎంత పేరుగలవాడైనను, తల్లి వలదనవలెను.

మూడవది పత్రములు. పోటీ గుర్తింపుగలదా కాదా యని ముందుగా విచారింపవలెను. గుర్తింపులేని పోటీలో గెలిచిన కప్పు అలమారకు అందమేగాని మార్కులు దేదు. పుట్టినతేదీ పత్రము, పోటీల పత్రములు ఒక్కచోట భద్రపరుపవలెను. వాన కారు పూరింటిలో ఇనుపపెట్టె యవసరము. నాలుగవది చదువు. మార్కులలో దాని వంతు పదే యైనను, పరీక్ష తప్పిన పిల్లకు అసలు దరఖాస్తుకే యర్హత యుండదు; దెబ్బ తగిలి ఆట మానవలసి వచ్చిన నాడు ఆదుకొనునది అదియే. ఐదవది క్షేమము. పిల్లను దూరపు పరీక్షకు బంపునపుడు వెంట స్త్రీ యెవరున్నారు, రాత్రి బస యెచ్చట, వసతిగృహమున తల్లికి మాటలాడు వీలున్నదా యని యడుగుటకు సంకోచింపవలదు. యోగ్యులైన గురువులు ఈ ప్రశ్నలకు కోపింపరు. కోపించువారియొద్దకు పిల్లను బంపకుండుటయే మేలు.

ఆరవది మిక్కిలి ముఖ్యము. తీసికొనబడని పిల్లతో ఏమి చెప్పవలెను? "పోనీలే, ఆడపిల్లకు ఆటలేల" అనుట సామాన్యముగా వినవచ్చు మాట. అది ఓదార్పు గాదు, శిక్ష. హేతువు నడిగి తెలిసికొనుడు. ఎత్తా? వేగమా? తొందరపాటా? స్థానము ఖాళీ లేకపోవుటయా? ఎత్తైనచో కాలము చూచుకొనును; వేగమైనచో అభ్యాసము చూచుకొనును; తొందరపాటైనచో గురువు చూచుకొనును; ఖాళీ లేకపోవుటయైనచో మరియొక జట్టును వెదకుకొనవలెను. ఈ నాలుగింటికిని నాలుగు వేర్వేరు మందులుండగా, పిల్లయే పనికిరాదను ఒక్కమాటతో అన్నిటిని గలిపివేయుట న్యాయమా? 2018లో జకార్తాలో మన స్త్రీల జట్టును ఓడించి స్వర్ణమును దీసికొనిపోయిన ఇరాను జట్టుకు శిక్షణ నిచ్చినది మన నాసికు నగరపు స్త్రీ, శైలజా జైన్. ఒకచోట చోటు లేనివారికి మరియొకచోట పీట వేసియుండును.

ఏరువారు పిల్ల విలువను గట్టువారు గారు. తమ జట్టులోని ఖాళీని నింపుకొనువారు. వారి పని వారు చేయుదురు. పిల్ల దేహమును బెంచుట, చదువు నిలుపుట, ధైర్యమును గాచుట మన పని. ఈ రెండవ పనిని ఏ మండలపు పరీక్షయు, ఏ రైల్వే ప్రకటనయు మన చేతులనుండి తీసికొనజాలదు.